మా నాయన చేను, ఆ చేనిలో మాటలు

మా నాయన తెలుగులో నాగలి లేదు, మడక ఉండేది. గట్టును గెనిమ అనేవాడు. పారను సనికె అనేవాడు. మోటబావి ఆయనకు కపిలబావి. ఆయన పోయి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో ఆయన్ను తలుచుకున్నప్పుడల్లా ముఖం కంటే ముందు ఏదో ఒక మాట గుర్తుకొస్తా ఉంది. దాని వెనకనే చేను, ఎద్దులు, ఆయన నవ్వు వస్తాయి. అందుకని నాయన గురించి రాద్దామని కూర్చుంటే ఆయన మాటల గురించే రాయాల్సి వచ్చింది. శూలగిరి పక్క ఒక మెట్టరైతు తెలుగు ఎట్లుండేది, అది అన్నేళ్లు ఎట్ల నిలిచింది అనేదే ఇక్కడ చెప్పబోతున్నాను.

మా పక్క తెలియనివాళ్లకు రెండు మాటలు. మాది తమిళనాడులో కృష్ణగిరి జిల్లా. 2004 దాకా ధర్మపురి జిల్లాలో ఉండేది, 1965కు ముందు సేలం జిల్లా. మా ఊరినుంచి ఉత్తరానికి పోతే కర్ణాటకలోని మాలూరు తాలూకా వస్తుంది, తూర్పుకు వేపనపల్లి దాటితే ఆంధ్రలోని కుప్పం. 1956లో రాష్ట్రాలను భాషలవారీగా విడదీసినప్పుడు నాయనకు పదేళ్లు. హోసూరు పక్కంతా మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఆ సంగతి నాయనకు ఎప్పుడు తెలిసిందని ఒకసారి అడిగినాను. "నాకేం తెలుసు పాపా, ఆ దినం కూడా మడక కట్టే ఉంటాను" అన్నాడు.

ఆయన బడికి పోయింది రెండేళ్లే. తెలుగులో సంతకం పెట్టేవాడు, అంతకు మించి రాయలేడు. శూలగిరి సంతలో తమిళం, మాలూరు వ్యాపారులతో కన్నడం, ఇంట్లో, చేనిలో తెలుగు. మూడూ కలగాపులగం చేసేవాడు కాదు. ఎవరితో ఏ మాటో ఆయనకు బాగా తెలుసు. ఎద్దులతో మాత్రం ఎప్పుడూ తెలుగే.

ఈ ఎద్దుల సంగతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే నాయన మాటల్లో అన్నిటికంటే పాతవి అక్కడే ఉండేవి. కాడికి కట్టిన జతలో ఎడమపక్క ఎద్దును దాపటెద్దు అంటారు, కుడిపక్క దాన్ని వలపటెద్దు అంటారు. ఇంట్లో మాకు ఎడమచెయ్యి, కుడిచెయ్యి అనే చెప్పేవాడు. అన్నం తినేటప్పుడు ఎవరూ వలచెయ్యి అనరు కదా. కానీ కాడి ఎత్తంగానే కుడి పోయి వలపట వచ్చేది. ఈ 'వల' చాలా పాతది. తమిళంలో ఈ రోజుకీ కుడిపక్కను వలం అంటారు. గుడి చుట్టూ వలం వస్తారు. కన్నడంలో అదే బల అయింది, తమిళ వకారం మాట మొదట్లో కన్నడంలో బకారం కావడం మామూలే. పాత తెలుగులో ప్రదక్షిణం చెయ్యడాన్ని వలగొను అనేవాళ్లు. ఊరి మాటల్లో ఈ వల అంతా కరిగిపోయి కుడి ఒక్కటే మిగిలినా, ఎద్దుల కాడి కింద మాత్రం వల దాక్కొని బతికింది. దీనికి కారణం చాలా సులభం. ఎద్దు చిన్నప్పుడే దాపటనో వలపటనో అలవాటు పడుతుంది. తర్వాత పక్క మార్చితే నడవదు. సంతలో కొనేటప్పుడు కూడా "ఇది దాపటిదా, వలపటిదా" అని అడిగే కొంటారు. ఆ మాట తప్పితే బేరమే తప్పుతుంది. అట్లా పనికి కట్టేసిన మాట అంత తొందరగా పోదు.

మడకకు చేత్తో పట్టుకునే పిడి ఉంటుంది చూడండి, దాన్ని మేడి అంటారు. ఇది తెలుగుదేశమంతా ఉన్న మాటే. తమిళంలో దీన్ని మేళి అంటారు, 'తమిళ్' అనే మాట చివర నాలుక మడతపడి పలికే ఆ ళకారంతో. తమిళంలో ఆ అక్షరం ఉన్నచోట తెలుగులో చాలాసార్లు డకారం వస్తుంది. వాళ్ల కోళి మన కోడి, వాళ్ల ఏళు మన ఏడు. వాళ్ల మేళి మన మేడి. ఈ లెక్క నేను కాలేజీలో ఒక పుస్తకం చదివి నేర్చుకున్నాను. నాయనకు చెప్తే ఆశ్చర్యపోలేదు. పక్క చేనాయన తమిళం మాట్లాడేవాడు, యాభై ఏండ్లుగా ఇద్దరూ ఎద్దులు, మడకలు అడిగి ఇచ్చి పుచ్చుకునేవాళ్లు. "ఆయన మేళి అంటే నేను మేడి ఇచ్చేది, ఆయన కోళి అంటే నేను కోడి ఇచ్చేది. దీనికి పుస్తకం కావాల్నా" అన్నాడు.

నాయన సంతోషం ఎట్లాంటిదో చెప్పడం కష్టం. ఆస్తి ఏమంత లేదు. నాలుగెకరాల మెట్టచేను, బావి కింద ముక్కాలెకరం మడి, ఇంటి వెనక కొంచెం తోట. అప్పులు ఉన్నాయి, వానలు మోసం చేసిన ఏళ్లు ఉన్నాయి. అయినా పొద్దున నాలుగుకు లేచి కొట్టం దగ్గరికి పోయేటప్పుడు ఆయన నడకలో ఒక ఉబలాటం కనిపించేది, పండగకు ఎవరో చుట్టాలు వచ్చినట్టు. పశువులను రంగుతోనే పిలిచేవాడు. బూడిదరంగుది మైల, ఎర్రది చెవల, నల్లది కర్రి, పసుపు కలిసిన తెలుపుది పుల్ల. ఇంగ్లీషు పేర్లు, సినిమా పేర్లు పెట్టిన పక్కింటి వాళ్లను ఎగతాళి చేసేవాడు. మైల, చెవల అనే మాటలు తమిళ రైతులకు కూడా చెప్పకుండానే అర్థమవుతాయి. వాళ్లు మయిలై, సెవలై అంటారు. సంతలో ఎద్దు రంగుకు మూడు భాషల్లో మూడు వేరే మాటలుంటే ఎవరు కొంటారు, ఎవరు అమ్ముతారు? ఏది ఎవరినుంచి ఎవరికి వచ్చిందని తేల్చడం కంటే, ఆ సంతే వీటిని కలిపి పట్టుకుందని నేననుకుంటాను.

మా పక్క జాతి ఆలంబాడి ఎద్దులు. కావేరి పక్క ఆలంబాడి పేరుతో వచ్చిన జాతి అది, పనికి గట్టిది, పాలకు అంత కాదు. నాయన దగ్గర కడాకు ఉన్న జత ఒక మైల, ఒక కర్రి. కర్రి దాపటిది, పొగరుది. దాన్ని తిట్టేటప్పుడు కూడా నాయన గొంతులో కోపం ఉండేది కాదు. సాలు చివర మడక తిప్పేటప్పుడు దాని జత మాట్లాడతానే ఉండేవాడు. నిన్న పోయిన పెండ్లి, రేపు పోవాల్సిన పంచాయితీ, అన్నీ దానికే ముందు తెలిసేవి. మా అమ్మ "ఇంట్లో చెప్పని మాటలు ఎద్దుకు చెప్తాడు" అని నవ్వేది.

కపిల నేను చూడలేదు. నేను పుట్టేనాటికే బావిలో కరెంటు మోటారు వచ్చింది. కానీ నాయన వయసు కుర్రోడుగా ఉన్నప్పుడు కపిల తోలినాడు, ఆ కాలం గురించి చెప్పమంటే పని ఆపి చెప్పేవాడు. బావి ఒడ్డున రెండు రాతి కూసాలు, వాటి మధ్య గిలక. కింద పెద్ద తోలుబాన, దాని అడుగున తోలుతోనే చేసిన తొండం. బావినుంచి కిందికి వాలుగా ఒక బాట. ఎద్దులు ఆ వాలు దిగితే తోలుబాన నీళ్లతో పైకి వస్తుంది, తొండం తెరుచుకొని నీళ్లు తొట్టిలో పడతాయి. ఎద్దులు మళ్లీ పైకి వస్తే బాన బావిలోకి దిగుతుంది. దిగేటప్పుడు బరువు సాయపడాలని తోలేవాడు తాడుమీద ఎక్కి కూర్చుంటాడు. ఈ భాగం చెప్పేటప్పుడు నాయన రెండు చేతులూ గాలిలో తాడు పట్టుకున్నట్టు పెట్టి కుర్చీలో వెనక్కి వాలేవాడు. పదిహేనేళ్ల పిల్లోడికి దినానికి కొన్ని వందలసార్లు ఉయ్యాల, దానికితోడు కూలి, ఇంకేం కావాల అని ఆయన లెక్క.

కపిల అనే మాట రాయలసీమలో తెలుసు, కోస్తాలో మోట అంటారు. కన్నడంలో కపిలె, తమిళంలో కవలై. మా ఊళ్లో తోలుబాన పోయి యాభై ఏళ్లు దాటింది. బావిని మాత్రం ఇంకా కపిలబావి అనే అంటారు. మా అన్న కొడుకును "ఎందుకు ఆ పేరు" అని అడిగితే, ఎవరో కపిలుడనే ముని తవ్వించినాడేమో అన్నాడు. వస్తువు పోయినాక మాట మిగిలితే జరిగేది ఇదే. ఎవరో ఒక కత కట్టి దాన్ని నింపుతారు.

కొత్త వస్తువులు వచ్చినప్పుడు నాయన ఏం చేసేవాడో చూస్తే నాకు ముచ్చటేసేది. ఏ వస్తువు ఏ దారిన వచ్చిందో ఆ దారి మాటనే దానికి ఇచ్చేవాడు. కొట్టంలోనుంచి దిబ్బకు, దిబ్బనుంచి చేనికి పోయేది ఎరువు. తమిళంలో రాసిన సంచిలో సొసైటీనుంచి వచ్చే యూరియా ఎరువు కాదు, అది ఉరం. భూమి కాగితాలకు పట్టా, చిట్టా, అడంగల్. మోటారు మోటారే, కరెంటు కరెంటే. బెంగళూరు మార్కెట్టుకు టమేటా తోలినప్పుడు లెక్కలన్నీ కన్నడంలో. ఇట్లాంటి తెలుగును వినేవాళ్లు "మీది కలిసిపోయిన భాష" అంటారు. నాకు అట్లా అనిపించదు. ఆయనకు ఎరువు, ఉరం ఒకటి కావు. రెండు వేరే వస్తువులకు రెండు వేరే మాటలు పెట్టుకున్నాడు. పాత మాట చోటు పాత మాటకే ఉంచినాడు. కోస్తా తెలుగులో రెండింటికీ ఎరువే అనడం వల్ల 'రసాయన', 'సేంద్రియ' అని ముందు తగిలించాల్సి వస్తోంది. మా నాయన పద్ధతిలో ఆ అవసరమే రాలేదు.

ఇక రాగి. మా పక్క మెట్టచేనంటే రాగిచేనే. ఏడెనిమిది సాళ్లు రాగి, ఆ తర్వాత ఒక సాలు వేరే పైరు. అనప, కంది, జొన్న, ఆముదం ఆ సాలులో కలిపి వేస్తారు. ఈ సాలును కన్నడ రైతులు అక్కడి సాలు అంటారు, నాయన కూడా అదే మాట అనేవాడు. రాగి చేతికి రాకపోయినా కందో అనపో ఇల్లు దాటిస్తుందని ఈ ఏర్పాటు. కార్తీకం, మార్గశిరంలో రాగి కోసినాక, సాళ్లలో అనప ఒక్కటే పచ్చగా నిలబడి ఉంటుంది. మంచు పడే కొద్దీ కాయకు ఒక వాసన పడుతుంది, చేతులకు అంటుకొని కడిగినా పోదు. ఆ నెలన్నర నాయన వేరే కూరాకు ముట్టేవాడు కాదు.

అనపకాయ గురించి ఒక కత చెప్పాల. నా స్నేహితురాలు ఒకామెది విశాఖపట్నం పక్క ఊరు. "మా నాయన మీ ఇంటికి ఒక సంచి అనపకాయలు పంపిస్తాన్నాడు" అని చెప్పినాను. వాళ్లమ్మ సంచి నిండా సొరకాయలు వస్తాయని ఎదురుచూసింది. వాళ్ల పక్క ఆనపకాయ అంటే సొరకాయ. తీరా చూస్తే చిక్కుడుకాయ మాదిరి ఏందో ఉంది. ఫోను చేసి నన్ను అడిగితే నేను నాయనకు ఇచ్చినాను. ఒక దీర్ఘం తేడాతో కూరాకే మారిపోయిందని ఆయన నవ్విన నవ్వు ఆ ఫోనులో ఇద్దరికీ వినిపించింది. ఆ తర్వాత అరగంట సేపు పితుకుపప్పు ఎట్ల చెయ్యాలో ఆమెకు చెప్పినాడు. గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున ఒక్కొక్కటి వేళ్ల మధ్య పెట్టి పితికితే తోలు ఊడి పప్పు బయట పడుతుంది. అదే పేరు. కన్నడం వాళ్లు దీన్నే హితికిద బేళె అంటారు. మన పకారం కన్నడంలో హకారం అవుతుందని తెలిసినవాళ్లకు ఇందులో వింత లేదు. పాలు హాలు అయింది, పులి హులి అయింది, పల్లి హళ్లి అయింది. అట్లే పితుకు. సంగటిలోకి పితుకుపప్పు పులుసు, పక్కన ఎర్రగడ్డ ముక్క, అంతకు మించిన విందు ఆయన ఎరగడు. సంగటిని కన్నడం వాళ్లు ముద్దె అంటారు, తమిళులు కళి అంటారు. మా ఇంట్లో ముద్ద అంటే ఒక మనిషికి పెట్టే కొలత. వండింది సంగటి, పళ్లెంలో పడింది ముద్ద.

రాగిని కోసి, కుప్ప వేసి, కొన్నాళ్లు మాగనిచ్చినాక కళ్ళం చేస్తారు. నేల చదును చేసి, పేడతో అలికి, రాతిగుండు తోలించి నూరుస్తారు. కళ్ళం తమిళంలో కళం. కళ్ళంలో నూర్చినాక గాలికి తూర్పారబట్టాల. నాయన "తూరుపు పట్టేది" అనేవాడు. ఆయన చెప్పిన కారణం, ఆ నెలల్లో గాలి తూర్పునుంచి వస్తుంది కాబట్టి ఆ పేరు అని. అది మా ఊళ్లో అందరూ చెప్పేదే, గాలి వచ్చే దిక్కూ నిజమే. కానీ కన్నడంలో ఈ పనిని తూరు అంటారు, వాళ్లకు తూర్పు దిక్కు మూడణ. తమిళంలో తూఱ్ఱు అంటారు, వాళ్లకు తూర్పు కిళక్కు. దిక్కు పేరు వేరేగా ఉన్న భాషల్లో కూడా చెరిగి ఎగరేసే పనికి ఈ మాటే ఉందంటే, మాట దిక్కునుంచి రాలేదు, ఎగజల్లడం అనే అర్థంనుంచే వచ్చింది. ఇది ఆయనకు చాలా ఓపికగా వివరించినాను. చేట పట్టుకొని ముక్కాలిపీట మీద నిలబడి అంతా విన్నాడు. "సరే, గాలికి కూడా ఒకమాట చెప్పు పో, ఏ దిక్కునుంచైనా రావచ్చునని" అన్నాడు. పొట్టు నా ముఖాన పడింది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ వస్తువుల పేర్లు. అవి రాసి పెట్టుకోవచ్చు. రాసుకోవడం కష్టమైంది నాయన వాక్యం. 'ఉన్నాడు' అనేవాడు కాదు, 'ఉండాడు' అనేవాడు. 'ఉంది' కాదు, 'ఉండాది'. వాన వస్తాండాది, బండి పోతాండాది, ఎద్దు మేస్తాండాది. వస్తా, ఉండాది అనే రెండు మాటలు కలిసి వస్తాండాది అయింది. కోస్తాలో వస్తూ ఉన్నది అనేది వస్తున్నది, వస్తోంది అయినట్టే ఇది కూడా. రెండూ ఒకే కొయ్యనుంచి చెక్కిన బొమ్మలు. ఒకటి బడిపుస్తకంలోకి ఎక్కింది, ఒకటి ఎక్కలేదు. కానీ మా పిల్లలకు టీవీ వల్ల 'వస్తోంది' మర్యాదగా, 'వస్తాండాది' మోటుగా వినిపిస్తా ఉంది. నాయన టీవీ వార్తలు వినేవాడు, అందులో సగం అర్థం కాక కాదు, తమాషాకు. ఒకసారి అల్పపీడనం అని పదిసార్లు చెప్పినారు. "ఏం పీడ పాపా అది, అల్పమైన పీడ అయితే ఇంతసేపు ఎందుకు చెప్తారు" అన్నాడు. దానర్థం వాన వస్తుందని నేను చెప్తే, ఆకాశం చూసి, "వాన వస్తాండాది అంటే అయిపోయె కదా" అన్నాడు.

వానతోనే పదును. నాయన మాటల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇది. కత్తి పదును అందరికీ తెలుసు. రైతు పదును వేరే. వాన పడినాక నేల దున్నేదానికి, విత్తేదానికి సరిగ్గా సరిపోయే తడి ఉండే స్థితి అది. ఎక్కువైతే మడక కర్రకు మట్టి అంటుకుంటుంది, తక్కువైతే పెళ్లలు లేస్తాయి. తమిళంలో పదం, కన్నడంలో హద. మళ్లీ ఆ ప, హ సంగతే. వంటలో పాకానికి, తోలు నాననివ్వడానికి, నేలకు ఈ మాట చెల్లుతుంది. దేన్నైనా పనికి సరిపోయే స్థితికి రానివ్వడం అని అర్థం. దీన్ని ఏ మిషనూ కొలవనక్కరలేదని నాయన నమ్మకం. జానెడు లోతు మట్టి తీసి, గుప్పిట్లో పిసికి, వదిలేవాడు. ఉండ కట్టి, వేలితో తట్టితే విరిగిపోతే పదునైనట్టు.

ఆయన కడపటి ఆషాఢం బెంగళూరు ఆసుపత్రిలో గడిచింది. మాట తగ్గిపోయింది. నర్సులతో కన్నడంలో ఒకటి రెండు మాటలు, నాతో తెలుగులో ఒకటి రెండు. రాగి విత్తే కాలం. వాన పడిందని అన్న ఫోనులో చెప్పినప్పుడు నాయన అడిగింది ఒక్కటే, "పదునైందా?" అన్నకు ఖాయంగా చెప్పేదానికి రాలేదు. చిన్నప్పట్నుంచీ ఆ మాట చెప్పింది నాయనే. మరుసటి దినం అన్న వచ్చేటప్పుడు ప్లాస్టిక్ కవర్లో చేని మట్టి తెచ్చినాడు. నాయన చెయ్యి బయటికి తీసి, పిసికి, వదిలినాడు. దుప్పటి మీద పడింది. "ఇంకా లేదు. రెండు దినాలు ఆగండి" అన్నాడు. నర్సు వచ్చి దుప్పటి చూసి కోప్పడింది, ఆమెకు కూడా కన్నడంలో "హద ఆగిల్లమ్మా" అని చెప్పినాడు, పదును కాలేదమ్మా అని. ఆమె నవ్వేసింది. అన్న రెండు దినాలు ఆగి విత్తినాడు. ఆ రాగి మొలిచిందని నాయనకు తెలుసు, కోతకు ఆయన లేడు.

ఇప్పుడు మా చేనిలో ఎద్దులు లేవు. ట్రాక్టరు బాడుగకు వస్తుంది. దానికి దాపట, వలపట ఉండవు. మడి ఉన్నచోట మల్బరీ, దానికి డ్రిప్పు గొట్టాలు. అన్న చేసింది తప్పని నేననను. కూలీలు దొరకరు, హోసూరు ఫ్యాక్టరీలు ఇచ్చే జీతం రాగి ఇవ్వదు. కానీ పనికి కట్టేసిన మాట, పని పోయినాక ఎన్నాళ్లు నిలుస్తుంది? దానికి వేరే కట్టుకొయ్య కావాల. అది రాత తప్ప ఇంకోటి నాకు తోచలేదు. కోవిల్‌పట్టి పక్క ఇడైసెవల్‌లో తెలుగు ఇంట్లో పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో కరిసల్ సీమ మాటలకు నిఘంటువే కూర్చినాడు. ఒక రైతు ఆ పని చెయ్యగలిగితే మనం మన ఊరివరకైనా ఎందుకు చెయ్యలేం అని నేను ఒక నోటుపుస్తకం మొదలుపెట్టినాను. నాయన ఉన్నప్పుడే రెండు వందల మాటల దాకా రాసినాను. చదివి వినిపిస్తే తప్పులు దిద్దేవాడు. రాసేటప్పుడు అక్షరాల మీద వేలు పెట్టి చూసేవాడు.

మా అన్న కొడుకు ఆ పుస్తకం అడిగినాడు. వాడికి పదమూడేళ్లు, తమిళ బడి. తమిళనాడులో 2006 చట్టంతో ఒకటో తరగతినుంచి తమిళం తప్పనిసరి అయింది. ఏటా ఒక తరగతి పైకి ఎక్కి 2015-16లో పదో తరగతికి చేరింది. మా ఊళ్లో తెలుగు అక్షరాలు వచ్చిన పిల్లలు ఇప్పుడు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే. వాడు ఆ మాటలన్నీ నన్ను చదవమని, తమిళ అక్షరాల్లో రాసుకున్నాడు. శ్రద్ధగానే రాసినాడు. వారం తర్వాత తిరిగి చదవమంటే గొర్రు కొర్రు అయింది, గుంటక కుండక అయింది, గెనిమ కెనిమ అయింది. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒకే అక్షరం, ప, బ రెండింటికీ ఒకటే. వాళ్ల భాషకు అది చాలు, ఎక్కడ ఏది పలకాలో వాళ్లకు తెలుసు. మన మాటలకు చాలదు. బండి అని రాసుకున్నది పండి అని చదివినాడు, ఎద్దులు పండిని లాగుతాండాయి అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వినారు, వాడూ నవ్వినాడు.

ఆదివారాలు ఇప్పుడు వాడికి తెలుగు అక్షరాలు చెప్తున్నాను. వరసగా అ, ఆ లతో మొదలుపెట్టలేదు. గ, బ, డ, ద, అంటే తమిళ లిపిలో వేరుగా లేనివి ముందు. మొదటి పాఠం గొర్రు, బండి, మేడి, దాపట. నాయన సంతకం ఉన్న పాత పట్టా కాగితం ఒకటి వాడే వెతికి తీసినాడు. ఇప్పుడు ఆ సంతకం ఒక్కటీ కూడబలుక్కొని చదవగలడు.

ఇంకా దొరకని మాటలు కొన్ని ఉన్నాయి. సాలు చివర ఎద్దులను తిప్పేటప్పుడు నాయన చేసే రెండు అదలింపులు వేర్వేరుగా ఉండేవి, దాపటికి ఒకటి, వలపటికి ఒకటి. చెవిలో ఉన్నాయి కానీ అక్షరాల్లో పెట్టలేకపోతున్నాను. కోలారు, కుప్పం, బళ్లారి పక్క ఎద్దులు ఇంకా కట్టేవాళ్లెవరైనా ఉంటే, అక్కడ ఏమని తిప్పుతారో విని చెప్పండి. సోలాపురం మగ్గాల ఇళ్లలో నూలు పనికి, యానాంలో పడవ పనికి ఇట్లాంటి మాటలు ఏం నిలిచినాయో వినాలని కూడా ఉంది.